కుంభం, మిథునం, ఎర్రమట్టి

శనివారం కాబట్టి రివర్‌డేల్ గుడికి వెళ్లాను. అట్లాంటాలో ఉండే తెలుగువాళ్లకి ఆ వేంకటేశ్వరస్వామి గుడి గురించి చెప్పక్కర్లేదు. మనవాళ్లు ఎక్కువమంది ఇళ్లు కొనుక్కున్నది ఊరికి ఉత్తరాన, స్వామి ఉన్నది దక్షిణాన. దర్శనం కావాలంటే ఊరంతా దాటుకుని రావాలి. తిరిగి వస్తుంటే పక్క సీట్లో పులిహోర పొట్లం, కారు నిండా ఇంగువ వాసన. రేడియో పెట్టాను. ఔట్‌కాస్ట్ పాట వస్తోంది. ఆండ్రే, బిగ్ బోయ్ అని ఇద్దరు, ఈ ఊరి ర్యాప్ జోడీ. అది అయిపోగానే వాళ్లదే ఇంకొకటి. మూడోదీ వాళ్లదే అయ్యేసరికి నాకు భయం వేసింది. ఒకరి పాటలే వరసపెట్టి వేస్తున్నారంటే ఏదో కబురు ఉందన్నమాటే.

పోయింది రికో వేడ్. యాభై రెండేళ్లు. 2024 ఏప్రిల్ సంగతి ఇది.

అతను పేరున్న గాయకుడేం కాదు. ఆర్గనైజ్డ్ నాయిజ్ అని ముగ్గురు కలిసి సంగీతం కట్టేవారు, వాళ్లలో ఒకడు. కానీ అతను వాళ్లమ్మ ఇంటి కింది గదిని పదిమంది కుర్రాళ్లకి ఇవ్వకపోయి ఉంటే ఔట్‌కాస్ట్ లేదు. ఔట్‌కాస్ట్ లేకపోతే అట్లాంటా ర్యాప్ ఇవాళ ఇలా ఉండేది కాదు. నా మటుకు నాకు, ఈ ఊరు నా ఊరు అయ్యేది కాదు.

లాంగ్‌ఫర్డ్ పార్క్‌వే ఎగ్జిట్ బోర్డు కనబడింది. పాతవాళ్లు దాన్ని ఇప్పటికీ లేక్‌వుడ్ ఫ్రీవే అనే అంటారు. ఇంటికి వెళ్లాల్సిన దారి అది కాదు. అయినా తిప్పేశాను.

*

నేను ఈ ఊరికి వచ్చింది 1998లో, ఆగస్టు ఎండల్లో. జార్జియా స్టేట్‌లో ఎమ్మెస్. డెకేటర్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురం, రెండు పరుపులు, ఒక రైస్ కుక్కర్. కూరగాయలకీ పప్పులకీ పటేల్ ప్లాజా. కాలేజీకి మార్టా రైలు. అప్పుడు ట్యాప్ చేసే కార్డులు లేవు, టోకెన్లు ఉండేవి. చిన్న ఇత్తడి బిళ్లలా ఉండే టోకెన్ గేటులో వేస్తే టక్కుమని లోపలికి పడేది. ఆ చప్పుడు నాకింకా చెవిలో ఉంది. ఇంటికి ఫోను చేయాలంటే కాలింగ్ కార్డు కొని, వెనక బూడిదరంగు పూత పావలా బిళ్లతో గీకి, అంత పొడుగు నంబరు నొక్కి, పలాసలో పక్కింటివాళ్లు వెళ్లి మా అమ్మని పిలుచుకొచ్చేదాకా నిమిషాలు కరిగిపోతుంటే లెక్కపెట్టుకుంటూ నిలబడాలి.

యూనివర్సిటీ లైబ్రరీలో నాకు పని దొరికింది. సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా. వెనక్కి వచ్చిన పుస్తకాల్ని బండి మీద వేసుకుని అరల్లో సర్దడం. నాతోపాటు షిఫ్టులో ఒక ఈస్ట్ పాయింట్ కుర్రాడు ఉండేవాడు. తన పేరు రాయొద్దన్నాడు కాబట్టి మిత్రుడు అనే అంటాను. మనిషి ఆరడుగులపైన, మాట మాత్రం సాగదీసి నెమ్మదిగా. ఎవరినైనా 'షాటీ' అనే పిలిచేవాడు, నన్నూ అలాగే. మా వైపు ఎవరినైనా 'బావూ' అన్నట్టు.

ఆ రోజుల్లో కొత్త ఆల్బమ్‌లు మంగళవారం వచ్చేవి. సెప్టెంబరు ఆఖరి మంగళవారం అతను క్లాసు ఎగ్గొట్టి వెళ్లి సీడీ కొనుక్కొచ్చాడు. బండి మీద పుస్తకాల మధ్య డిస్క్‌మన్ పెట్టి, ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవిలో, ఒకటి నా చెవిలో. ఒకరినొకరం అంటిపెట్టుకునే నడవాలి, లేకపోతే తీగ ఊడిపోతుంది. అలా ఔట్‌కాస్ట్ వాళ్ల అక్వెమినై విన్నాం. 1998 సెప్టెంబరు 29న వచ్చిన ఆల్బమ్‌ని అదే రోజు రాత్రి.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అమెరికన్ ఇంగ్లీషే కొత్త, అందులో ఇది. ఒక పాటలో మాత్రం మధ్యలో మౌత్ ఆర్గాన్ వచ్చింది, చప్పట్లు, నేల మీద కాళ్లు తడుతున్నట్టు తాళం. పల్లెటూళ్లో కోలాటంలాగే ఉంది. ఆ వాయించింది ఆండ్రే మారుతండ్రి, చర్చి పాస్టరు అని మిత్రుడు చెప్పాడు. ఇంకో పాట, పేరు నోరు తిరగడానికే నాకు వారం పట్టింది, ఏడు నిమిషాలు ఉంటుంది. అందులో ట్రంపెట్, ట్రాంబోన్ కలిసి ఒకే వరసని మళ్లీ మళ్లీ వాయిస్తాయి. పెళ్లి ఊరేగింపు దూరం వెళ్లిపోయాక గాలివాటున వినబడే బ్యాండుమేళంలా. ఆ పాట నాకు వెంటనే పట్టుకుంది. మాటలు అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది.

"ఆ పేరేంటి?" అని అడిగాను.

"బిగ్ బోయ్‌ది అక్వేరియస్, ఆండ్రేది జెమినై. రెండూ కలిపారు."

"అంటే కుంభం, మిథునం" అన్నాను నాలో నేను అనుకున్నట్టు.

ఏమన్నావని అడిగాడు. మాకూ పన్నెండు రాశులున్నాయని, ఈ రెండూ వాయు రాశులని చెప్పాను. అతను బండి ఆపేశాడు. "మీ నాన్నమ్మా వాళ్లూ కూడా ఇవి చూస్తారా?" అని అడిగి, మర్నాడు వాళ్ల నాన్నమ్మ పుట్టినరోజు చీటీ మీద రాసి తెచ్చి రాశి చెప్పమన్నాడు. మా స్నేహం అక్కడ మొదలైంది.

*

నా మాట సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మాది పలాస పక్క పల్లె. ఇంటర్‌కి నన్ను విజయవాడలో ఒక హాస్టల్లో వేశారు. మొదటిరోజు క్లాసులో లెక్చరర్ ఏదో అడిగితే లేచి "నాను సెప్తానండి" అన్నాను. క్లాసంతా నవ్వింది. లెక్చరరూ నవ్వాడు. ఆ తర్వాత రెండేళ్లు నా పేరు 'నాను'. నేను ఎదిరించలేదు, ఏడవలేదు. నెల తిరిగేసరికి నా నాలుక మార్చేసుకున్నాను. 'ఏటి' మానేసి 'ఏంటి', 'సెప్పు' మానేసి 'చెప్పు'. సంక్రాంతికి ఇంటికి వెళ్తే మా అమ్మ "ఏటిరా, చుట్టపోడిలాగ మాటాడతన్నావు" అంది. అదీ నవ్వుతూనే అంది. అయినా గుచ్చుకుంది.

ఇది మిత్రుడికి చెప్పింది ఒక అర్ధరాత్రి, ఫైవ్ పాయింట్స్ స్టేషన్‌లో. అతనిది దక్షిణం వెళ్లే రైలు, నాది తూర్పు. ఇద్దరి రైళ్లూ ఆలస్యం. నేను చెప్పడం అయ్యాక కాసేపు ఊరుకుని, 1995 కథ చెప్పాడు.

న్యూయార్క్‌లో సోర్స్ అనే ర్యాప్ పత్రిక అవార్డుల సభ. ర్యాప్ అంటే న్యూయార్క్, కాదంటే లాస్ ఏంజెలిస్. ఆ ఏడాది ఆ రెండు ఊళ్లవాళ్లకీ ఒకళ్లంటే ఒకళ్లకి పడటం లేదు. అట్లాంటా లాంటి దక్షిణాది ఊళ్లవాళ్లని ఇద్దరూ లెక్కలోకే తీసుకోరు. ఆ యాస పల్లెటూరి యాస, ఆ పాటలు డ్యాన్సు పాటలు, అంతే. ఆ సభలో కొత్త బృందం అవార్డు ఔట్‌కాస్ట్‌కి ఇచ్చారు. వీళ్లు వేదిక ఎక్కుతుంటే జనం ఓ అని గోల. బిగ్ బోయ్ మర్యాదగా నాలుగు మాటలు మాట్లాడాడు. ఆండ్రేకి ఇరవై ఏళ్లు. మైకు దగ్గర తడబడ్డాడు, ఆ తడబాటులోనే అనేశాడు: దక్షిణాదికి చెప్పడానికి ఒకటుంది.

మిత్రుడు వాళ్లు చదివిన ట్రై-సిటీస్ హైస్కూల్లోనే చదివాడు. "ఆ మాట అతను మా వీధిలో మేం అనే యాసలోనే అన్నాడు. సరిచేసుకోలేదు" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి అడిగాడు. "మీ ఊరి మాటలో అది ఎలా అంటావు? నువ్వు నేర్చుకున్న మాటలో కాదు."

ఎనిమిదేళ్లు నేను ఆ నాలుకతో మాట్లాడలేదు. కాసేపు నోరు పెగల్లేదు. తర్వాత అన్నాను.

"మావోలకీ సెప్పడానికొకటున్నాది."

స్టేషన్‌లో మేమిద్దరమూ, తుడిచే ఆయనా తప్ప ఎవరూ లేరు. ఎవరూ నవ్వలేదు.

*

ఆ తర్వాత అతను పాత రెండు ఆల్బమ్‌లూ క్యాసెట్లో ఎక్కించి ఇచ్చాడు. ఒక పక్క మొదటిది, రెండో పక్క రెండోది. మొదటిది 1994లో వచ్చింది. దాని పేరు ఒక్క గుక్కలో అనలేం. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాళ్లు, వెనక అసలు గిటారు, అసలు ఆర్గాన్, నెమ్మదిగా ఊగే బేస్. కార్లు, వీధులు, అమ్మలు, ఆదివారం భోజనాలు. అదంతా ఈస్ట్ పాయింట్, కాలేజ్ పార్క్. శనివారం గుడికి వెళ్లేటప్పుడు కిటికీలోంచి దాటిపోయే బోర్డుల మీది పేర్లు ఆ పాటల్లో వినబడుతుంటే నాకు అబ్బురంగా ఉండేది.

ఆ కుర్రాళ్లిద్దరూ రికో వేడ్‌ని కలిసింది ఈస్ట్ పాయింట్‌లో అతను పనిచేసే బ్యూటీ సప్లై దుకాణం దగ్గర. పార్కింగ్ లాట్‌లో కారు స్టీరియోలో మాటల్లేని సంగీతం పెట్టి, ఏం వచ్చో చూపించమన్నాడు. ఒకడు ఆపితే ఇంకొకడు అందుకుంటూ పోయారు. ఇక వాళ్లని ఇంటికి తీసుకెళ్లాడు. లేక్‌వుడ్‌లో ఆ ఇంటి కింది గదికి సగం గచ్చు లేదు. ఎర్రమట్టి. అక్కడే కూర్చుని రాసేవారు, అక్కడే పడుకునేవారు. ఆ గదికి డంజన్ అని పేరు, ఆ కుర్రాళ్లందరికీ డంజన్ ఫ్యామిలీ అని పేరు. గూడీ మాబ్ అనే ర్యాప్ బృందమూ అక్కడివాళ్లే. ఎర్రమట్టి అనగానే నాకు మా జీడితోట గుర్తొచ్చింది. వానకి తడిసి ఎండిన ఎర్రమట్టి కాలికి అంటితే స్నానం చేసినా గోళ్ల సందుల్లో ఉండిపోయేది.

రెండో ఆల్బమ్ 1996లో వచ్చింది, ఒలింపిక్స్ అయిన నెలలోనే. అట్లాంటాకి క్లుప్తంగా అనే ఏటీఎల్‌నీ, ఏలియన్స్ అనే మాటనీ కలిపి పేరు పెట్టారు. నేను వచ్చిన మరుసటి వసంతంలో మొదటిసారి ట్యాక్స్ కాగితాలు నింపాను. అందులో నన్ను 'నాన్‌రెసిడెంట్ ఏలియన్' అన్నారు. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఆ క్యాసెట్ వింటే అది నాకోసం పెట్టిన పేరే అనిపించింది. మొదటి ఆల్బమ్ ఆడింది కదా, రెండోదీ అలాగే చేద్దాం అనుకోలేదు వాళ్లు. కార్ల హోరు తగ్గింది. సంగీతం చల్లగా, ఖాళీగా, ఎక్కడో ఆకాశంలోంచి వస్తున్నట్టు ఉంటుంది. కొన్ని పాటలు తామే కట్టుకున్నారు. ఆండ్రే తాగుడూ పొగా మానేసి తలపాగా చుట్టుకుని కనబడటం మొదలుపెట్టాడు. బిగ్ బోయ్ మాత్రం ఎప్పట్లాగే క్యాడిలాక్, టోపీ. జోడీ చెదరలేదు. నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఇదే. ఒకడు ఎటో వెళ్లిపోతుంటే రెండోవాడు వెనక్కి లాగలేదు, తనూ వేషం మార్చలేదు.

*

అక్వెమినైలోని ఆ మౌత్ ఆర్గాన్ పాటకి రోజా పార్క్స్ పేరు పెట్టారు, అలబామాలో బస్సులో తెల్లవాళ్లకి సీటు ఇవ్వనన్న నల్లజాతి ఆవిడ. 1999లో ఆవిడ తరఫున కోర్టులో కేసు వేశారు. మిత్రుడి ఇంట్లో అది పెద్ద గొడవ. వాళ్ల నాన్నమ్మ అలబామాలో బస్సులో వెనక కూర్చుని పెరిగిన మనిషి. ఆవిడ గోడ మీద రోజా పార్క్స్ ఫొటో ఉండేది. మనవడి గదిలో ఔట్‌కాస్ట్ పోస్టరు. "ఆ పిల్లలు అవమానించాలని పెట్టలేదు" అని ఇతను, "అడిగి పెట్టాల్సింది" అని ఆవిడ. ఒక ఆదివారం నేనూ వాళ్లింట్లో కొలార్డ్ ఆకుకూర, మొక్కజొన్న రొట్టె తింటూ ఈ వాదన విన్నాను. అడిగి పెట్టాల్సిందనే నాకూ అనిపించింది, అతని ముందు అనలేదు. 2005లో రాజీ అయింది.

2000లో హాలోవీన్ రోజున స్టాంకోనియా వచ్చింది. అదీ మంగళవారమే. అప్పటికి వాళ్లకి సొంత స్టూడియో ఉంది, ఒకప్పుడు బాబీ బ్రౌన్‌ది. ఆ స్టూడియో పేరే ఆల్బమ్‌కి. నా చదువు అయిపోయి మారియెట్టాలో ఉద్యోగం వచ్చిన కొత్త. మొదటి కారు, పాత కరోలా. అందులో పెట్టి విన్న మొదటి సీడీ ఇది. అందులో బాంబుల పేరున్న పాట వేగానికి యాక్సిలరేటర్ మీద కాలు తెలీకుండా బిగుసుకునేది. డ్రమ్ములు తరుముతుంటే చివర్లో చర్చి పాట బృందంలా గొంతులు లేస్తాయి. నాకైతే ఇప్పటికీ దానంత ధైర్యమైన ర్యాప్ పాట ఇంకోటి లేదు.

కానీ జనం నోట నిలిచింది ఇంకోటి. బిడ్డ తల్లితో విడిపోయినవాడు ఆ తల్లి తల్లికి క్షమాపణ చెప్పుకునే పాట. గాయని ఎరికా బాడూ, ఆండ్రేలకి కొడుకు ఉన్నాడు. ఆ బాధే అందులో ఉంది. అత్తగారికి క్షమాపణ చెప్పే పాట దేశంలో నంబర్ వన్ అయింది 2001 ఫిబ్రవరిలో. సరిగ్గా అప్పుడే మా రంగంలో ఉద్యోగాలు ఊడటం మొదలైంది. మా పాత అపార్ట్‌మెంట్ నలుగురిలో ఇద్దరు ఇండియా వెళ్లిపోయారు. ఒకణ్ని ఎయిర్‌పోర్టులో దింపి వస్తుంటే రేడియోలో ఆ పాటే. ఆ పాట ఇప్పటికీ వస్తే నాకు అతను సూట్‌కేసు మీద తాడు బిగిస్తూ "నువ్వైనా ఉండరా" అన్నదే వినబడుతుంది.

*

2003లో పెళ్లయి నా భార్య వచ్చింది. సెప్టెంబరులో రెండు సీడీల ఆల్బమ్. ఒకటి బిగ్ బోయ్‌ది, ఒకటి ఆండ్రేది. విడిపోయారా, కలిసున్నారా అని మిత్రుడికి టెన్షన్. ఆండ్రే సీడీలో ర్యాప్ అసలు తక్కువ, పాడటమే. ఆమెకి అదే నచ్చింది. పగలంతా తెలుగు ఒక్క మాట వినబడని ఇంట్లో దిగులుగా ఉన్న పిల్ల, నేను ఆఫీసుకి వెళ్లాక ఆ సీడీ పెట్టుకుని గిన్నెలు తోముకునేది. నాకు బిగ్ బోయ్ సీడీ మీద అభిమానం. అతన్ని అందరూ తక్కువ చేస్తారు. మాట పొందికలో, తాళం మీద నిలబడటంలో అతను ఎవరికీ తీసిపోడు. ఈ వాదన మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా నడుస్తోంది.

ఆండ్రే పాట తొమ్మిది వారాలు నంబర్ వన్‌గా ఉంది. దాన్ని దింపింది బిగ్ బోయ్ పాటే. ఆ శీతాకాలం మనవాళ్ల పుట్టినరోజులు, గృహప్రవేశాలు ఎక్కడికి వెళ్లినా, పట్టుపావడాల పిల్లలంతా ఆండ్రే పాటలో అన్నట్టే పోలరాయిడ్ ఫొటో ఆరబెట్టినట్టు చేతులు ఊపుతూ గెంతేవాళ్లు. ఫిబ్రవరిలో గ్రామీల్లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ అదే అన్నారు. ఒక్క విభాగంలో కాదు, మొత్తం అన్నిటి మీదా. రాత్రి పదకొండు దాటాక ఫోను మోగింది. మిత్రుడు. హలో అనలేదు, ఏమీ అనలేదు. వెనక టీవీ చప్పుడు, వాళ్ల నాన్నమ్మ చప్పట్లు వినబడ్డాయి.

2006లో సినిమాతోపాటు వచ్చిన ఐడిల్‌వైల్డ్ గురించి నాకు చెప్పడానికి పెద్దగా లేదు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని చేసినట్టు అనిపించదు. తర్వాత ఔట్‌కాస్ట్ పేరు మీద ఆల్బమ్ రాలేదు. బిగ్ బోయ్ సొంతంగా చేస్తూ వచ్చాడు, 2010 నాటిది నా కారులో చాలాకాలం ఉంది. 2014లో సెంటెనియల్ ఒలింపిక్ పార్క్‌లో మూడు రాత్రులు కలిసి పాడారు. మా పెద్దమ్మాయి మిత్రుడి భుజాల మీద కూర్చుని చూసింది. నాకు ముందు నిలబడినవాళ్ల వీపులే కనబడ్డాయి. అయినా చాలు.

*

2023 నవంబరులో ఆ అమ్మాయే కాలేజీ నుంచి ఫోను చేసింది. "నాన్నా, ఆండ్రే ఆల్బమ్ వచ్చింది. కానీ ర్యాప్ లేదు, ఫ్లూట్ ఉంది." పదిహేడేళ్ల తర్వాత వచ్చిన ఆల్బమ్, ఎనభై ఏడు నిమిషాలు, ఒక్క మాట లేదు. ర్యాప్ ఆల్బమే చేద్దామనుకున్నాను, గాలి నన్ను ఇటు తీసుకొచ్చింది అని మొదటి దాని పేరులోనే చెప్పేశాడు. అది పన్నెండు నిమిషాలకి పైనే ఉంటుంది.

రాత్రి వంటింట్లో పెట్టాను. నా భార్య "ఎవరిదీ వేణువు? మనవాళ్లదా?" అంది. చెబితే నమ్మలేదు. మన చెవికి అలవాటైన వేణువు కాదు అది. రాగం కట్టడు, ఎక్కడికీ చేరాలన్న తొందర లేదు, ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడే ఆగుతాడు. రెండోసారి విన్నప్పుడు నచ్చింది. మిత్రుడికి ఫోను చేస్తే అతనికి కోపం. "పదిహేడేళ్లు కాచుకున్నాం షాటీ, ఒక్క చరణమైనా చెప్పొచ్చు కదా." నలభై ఎనిమిదేళ్ల వయసులో చెప్పడానికి లేనిదాన్ని ఉన్నట్టు చెప్పకపోవడమే నిజాయితీ అని నేనన్నాను. చాలాసేపు వాదించుకున్నాం. రాశుల సంగతి ఎత్తాను, రెండూ గాలివే కదా అని. అప్పుడు కొంచెం మెత్తబడ్డాడు.

*

లేక్‌వుడ్ వీధి సన్నటిది. ఇళ్లు చిన్నవి, చెట్లు పెద్దవి. ఆ ఇంటిని 2019లో బిగ్ బోయ్ కొన్నాడు, చేజారిపోకుండా. ముందు ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. నేను కారు కొంచెం దూరంలో ఆపి మిత్రుడికి ఫోను చేశాను. "నేనూ బయల్దేరాను, అక్కడే ఉండు" అన్నాడు. ఎక్కడున్నానో నేను చెప్పనేలేదు.

ఇరవై నిమిషాల్లో వచ్చాడు. గడ్డం తెల్లబడింది, నడకలో మోకాలి నొప్పి. రోడ్డు వార గడ్డి లేని చోట ఎర్రమట్టి కనబడుతోంది. బూటు కొనతో దాన్ని కాసేపు గీశాడు. "వాళ్లమ్మ ఇల్లురా ఇది. ఎంతమందికి అన్నం పెట్టిందో" అన్నాడు.

పులిహోర పొట్లం విప్పి కారు బానెట్ మీద పెట్టాను. స్పూన్లు లేవు, చేత్తోనే తిన్నాం. ఎండుమిరపకాయలు ఏరి నావైపు తోశాడు, వేరుశనగపప్పులు తను తీసుకున్నాడు. ఎవరి కారులోంచో ఆ ట్రంపెట్ల పాట మొదలైంది. అది అయిపోయేదాకా ఇద్దరం తినడం ఆపేశాం.

తర్వాత అతను చేయి తుడుచుకుని, ఆ ఇంటివైపు చూస్తూ, ఫైవ్ పాయింట్స్ స్టేషన్‌లో నేనన్న మాట తనే అన్నాడు. ఇన్నేళ్లకీ మర్చిపోలేదు. నేను ఒక్కసారే నేర్పాను, ఒకే ఒక్క రకంగా నేర్పాను. అందుకే 'చెప్ప' అనలేదు. సరిగ్గా 'సెప్ప' అన్నాడు.